సంచిలో ముందు కరెంటు బిల్లు వెతుకు

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. బీకాం అయ్యాక రెండేళ్ళు బ్యాంకు పరీక్షలు రాశాను, రాలేదు. మూడు నెలల క్రితం విజయవాడలో ఒక చిన్న ట్రస్టులో చేరాను. చిట్టినగర్, వించిపేట వైపు పెద్దవాళ్ళకి పింఛన్లు, గ్యాస్ డబ్బులు, కరెంటు బిల్లుల సంగతి చూసిపెట్టడం పని. జీతం 16,000. మొదట్లో బాగానే ఉంది. కొండ మీద ఒక మామ్మగారున్నారు, 72 ఏళ్ళు. ఆవిడతో పింఛనుకి అర్జీ పెట్టించాను. వయసుంది, బియ్యం కార్డుంది, పొలం లేదు, ఇంకేం కావాలనుకుని "తప్పకుండా వస్తుంది మామ్మా" అని చెప్పేశాను. తీరా చూస్తే కరెంటు యూనిట్లు ఎక్కువున్నాయని వెనక్కొచ్చింది. పది రోజులుగా ఆ వీధిలోకే వెళ్ళట్లేదు, ఆవిడకి కనపడాలంటే భయంగా ఉంది. "ముసలాళ్ళ కాగితాలు మోస్తే నీకేం ఒరుగుతుందే" అంటోంది అమ్మ. నాన్నేమో గుంటూరు వెళ్ళి మళ్ళీ కోచింగ్‌లో చేరమంటున్నారు. నేను ఈ పనికి పనికిరానా? ఉండనా, మానేయనా? ఉంటే ఈ పని సరిగ్గా ఎలా చేయాలో చెప్పండి.
ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ముందు ఆ వీధిలోకి వెళ్ళమ్మా. ఇది చదివాక వెళ్ళు, లేదా రేపు పొద్దున వెళ్ళు, కానీ వెళ్ళు. ఉండటమా మానటమా అన్నది తర్వాత చూద్దాం. (నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా అమ్మాయి నీకంటే రెండేళ్ళు పెద్దది.)

నేను ఇదే పని గుంటూరులో ఆరేళ్ళు, విజయవాడలో ఎనిమిదేళ్ళు చేశాను. నువ్వు చేసిన తప్పు నేనూ చేశాను, నీకంటే ఘనంగా చేశాను. గుంటూరు లాలాపేటలో ఒక తాతగారు ఒంటరిగా ఉండేవారు. అర్జీ పెట్టించి, "వచ్చే నెల ఒకటో తారీఖుకి చేతిలో పడిపోతాయి తాతా" అని చెప్పి బండెక్కి వచ్చేశాను. ఆయన నా మాట పట్టుకుని వీధి చివర కిరాణా కొట్లో ఖాతా పెట్టాడు. బియ్యం, నూనె, కాఫీపొడి. రెండు నెలల తర్వాత అటు వెళ్తుంటే కొట్టాయన నన్ను ఆపి "పింఛనొస్తుందని చెప్పింది మీరేనా" అన్నాడు. పద్దు పుస్తకం తీసి చూపించాడు. తాతగారి పేరు రాసి పక్కన బ్రాకెట్లో నా పేరు రాసుకున్నాడు, పూచీ ఉన్నవాడిలాగా. తాతగారు నన్ను ఒక్క మాట అనలేదు. కొట్టాయనా గట్టిగా ఏమీ అనలేదు. ఆ బ్రాకెట్టు మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళముందు కనిపిస్తుంది.

మనమేదో ధైర్యం చెప్పాం అనుకుంటాం, వాళ్ళు దాని మీద అప్పు చేస్తారు. అందుకని "వస్తుంది" అన్న మాట నోట్లోంచి రానివ్వకు. "అర్జీ పెడదాం మామ్మా, ఏమైందో ఫలానా బుధవారం నేనే వచ్చి చెప్తాను" అను. ఆ బుధవారం వెళ్ళు. మంచి కబురుంటే ఎవరైనా వెళ్తారు, ఏ కబురూ లేనప్పుడూ చెడ్డ కబురున్నప్పుడూ వెళ్ళాలి, జీతం ఇచ్చేది దానికే అని నా అభిప్రాయం.

ఇక అసలు సంగతి. నువ్వు వయసు చూశావు, కార్డు చూశావు, పొలం చూశావు. కరెంటు బిల్లు చూడలేదు.

పెద్దవాళ్ళ దగ్గర ఒక సంచి ఉంటుంది, ఈ మూడు నెలల్లో నువ్వూ చూసే ఉంటావు. ఎప్పుడో పెళ్ళికి బట్టలు కొన్నప్పుడు కొట్టువాడిచ్చిన ప్లాస్టిక్ కవరు, మూతికి రబ్బరుబ్యాండు. బీరువాలో చీరల కింద నుంచి తీస్తారు. "ఏం కావాలో చెప్పమ్మా, అదొక్కటీ తీసిస్తా" అంటారు. నువ్వు ఒక్క కాగితం అడగకు. మొత్తం చాప మీద బోర్లించమను. ఆధార్ జిరాక్సులు ఏడెనిమిది ఉంటాయి, పాత కాపీలో పుట్టిన తేదీ ఒకటి, కొత్త కాపీలో ఇంకోటి (అది విడిగా రాసుకో, రేపెప్పుడో అదే అడ్డం పడుతుంది). ఆయన పోయినప్పటి మరణ ధ్రువపత్రం. ఎల్ఐసీ రసీదు. గ్యాస్ పుస్తకం. ఆంధ్రాబ్యాంకు పాసుపుస్తకం. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, కానీ పట్టాభి సీతారామయ్యగారు బందరులో పెట్టిన బ్యాంకు కదా, కృష్ణా జిల్లా పెద్దవాళ్ళు ఆ పేరు అంత తేలిగ్గా వదలరు. అడుగున ఎక్కడో నాలుగు మడతలు పెట్టిన కరెంటు బిల్లు ఉంటుంది. ముందు అది తియ్యి.

ఎందుకంటే పింఛను అర్జీ మీద ఆరు అంచెల పరిశీలన అని ఒకటుంది. బియ్యం కార్డుకి ఇంటి ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 దాటకూడదన్నది కాక, మాగాణి మూడెకరాలూ మెట్ట పదెకరాలూ దాటకూడదు, సొంత కారు ఉండకూడదు (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే ఫర్వాలేదు), ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ప్రభుత్వ పింఛను తీసుకునేవాళ్ళు గానీ ఉండకూడదు, ఆదాయపన్ను కట్టేవాళ్ళుండకూడదు, పట్నంలో సొంతిల్లు ఒక కొలతకి మించకూడదు, కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. ఇవన్నీ ఆవిడ ఒక్కదాని లెక్కలు కావు, ఇంటి మొత్తం లెక్కలు. కంప్యూటరుకి మామ్మగారు తెలియదు. ఆవిడ ఆధార్‌కి ఏ మీటరు తగిలించి ఉందో అది మాత్రమే తెలుసు.

మీ చిట్టినగర్ కొండ ఇళ్ళ సంగతి నాకు తెలుసు కాబట్టి ఊహించి చెప్తాను. తాతగారు బతికున్న రోజుల్లో ఆయన పేరు మీద ఒకటే మీటరు. తర్వాత కింద రెండు పోర్షన్లు వేశారు, అద్దెకిచ్చారు, మీటరు మాత్రం అదే. కింద కుర్రాళ్ళు ఏసీ పెట్టుకున్నారు. పైన గదిలో రెండు బల్బులూ ఒక ఫ్యానూ ఉన్న మామ్మగారి పద్దులో మూడు కుటుంబాల యూనిట్లు పడుతున్నాయి. లేదా అసలు ఆ మీటరు ఆవిడది కాదు, ఇంటింటికీ తిరిగి వివరాలు ఎక్కించిన రోజుల్లో ఎవరో పక్కింటి సర్వీసు నంబరు ఆవిడ ఆధార్‌కి తగిలించారు. రెండూ చూశాను నేను. లేదా అది కొడుకు ఇల్లు, కొడుకు మీటరు, ఆవిడ అతని కార్డులోనే ఉంది.

ఈ మూడూ మూడు రకాల పనులు. తప్పు మీటరైతే వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి, ఆ సర్వీసు ఎవరిదో విద్యుత్ శాఖ వాళ్ళతో తేల్చి సరిచేయించాలి, తిరగాలి, కానీ అవుతుంది. అద్దెవాళ్ళ యూనిట్లయితే పోర్షన్‌కి విడిగా మీటరు పెట్టించుకోమని చెప్పు, అయితే సగటు దిగడానికి నెలలు పడుతుందని కూడా అప్పుడే చెప్పెయ్యి. మూడోదైతే, అంటే నిజంగానే అంతా ఒకే ఇల్లయితే, జవాబు "రాదు" అనే. కొడుకు ఏసీ వేసుకుంటే తల్లికి పింఛను లేకపోవడం ఏం న్యాయమో ఈ రూలు వచ్చిన దగ్గర్నుంచీ నాకు అర్థం కాలేదు, అయినా అది నువ్వూ నేనూ కొండ మెట్ల మీద కూర్చుని మార్చేది కాదు. ఇక్కడే ఎవడో ఒక బ్రోకరు తగులుతాడు, "కార్డు విడగొట్టిస్తా, ఐదు వేలివ్వండి" అంటాడు. నిజంగా వేరు కాపురం ఉంటే కార్డు విడగొట్టించుకోవచ్చు, కాగితం మీద వేరుపడి ఒకే పొయ్యి మీద వండుకునే బేరాలకి నువ్వు సాక్షిగా ఉండకు.

పింఛన్ల గురించి ఇంకొన్ని ముక్కలు, ఇవి రోజూ అడుగుతారు కాబట్టి. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4,000. ఆ జులై ఒకటిన అంతకు ముందు మూడు నెలల పెంపు కలిపి 7,000 ఇచ్చారు. అది గుర్తుపెట్టుకుని "మాకు ఏడు వేలొచ్చేది, తగ్గించేశారు" అనే వాళ్ళు నీకు తగులుతారు, ఓపిగ్గా చెప్పు. ఊరెళ్ళి ఒక నెలో రెండు నెలలో తీసుకోకపోతే మూడో నెల కలిపి తీసుకోవచ్చు, వరసగా మూడు నెలలూ తీసుకోకపోతే ఆగిపోతుంది. హైదరాబాదులో కూతురి పురిటికని వెళ్ళి నాలుగో నెల తిరిగొచ్చే మామ్మలకి ఈ ఒక్క ముక్క బయల్దేరే ముందే చెప్పాలి. పింఛను తీసుకుంటున్న ఇంటాయన చనిపోతే భార్యకి ఆ పింఛను మారుస్తున్నారు, మరణ ధ్రువపత్రంతో వెంటనే సచివాలయానికి వెళ్ళాలి. దినవారాలు అయ్యేదాకా ఎవరూ ఆ ఊసెత్తరు, ఆ తర్వాత మర్చిపోతారు. అందుకే పదకొండో రోజున వెళ్ళి పలకరించి రావడం నాకు అలవాటైంది.

కరెంటు బిల్లు దగ్గరికే మళ్ళీ వస్తాను, ఎందుకంటే పింఛను కోసమే కాదు, దాన్ని చూస్తే ఆ ఇంట్లో మనిషి ఎలా బతుకుతున్నాడో తెలుస్తుంది.

సత్యనారాయణపురంలో ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన ఒకాయన ఉండేవారు. రోజూ సాయంత్రం ఆరింటికి మీటరు దగ్గర స్టూలేసుకుని నిలబడి రీడింగ్ ఒక పొడుగు నోట్‌బుక్కులో ఎక్కించేవారు, టికెట్ల లెక్క రాసిన చెయ్యి కదా, అంకెలన్నీ ముత్యాలే. మే నెల. నేను వెళ్ళేసరికి తడి తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు, లోపల ఫ్యాను ఆపేసి ఉంది. అదేంటి బాబాయ్ గారూ అంటే నోట్‌బుక్కు చూపించారు. డెబ్భై రెండు. "ఇంకా ఆరు రోజులుందిరా, 75 దాటితే బిల్లంతా మారిపోద్ది" అన్నారు.

ఆయన చెప్పింది ఒకప్పుడు నిజమే. అప్పట్లో ఏ, బీ, సీ అని గ్రూపులుండేవి, 75 దాటితే ఇంకో గ్రూపు, 225 దాటితే ఇంకో గ్రూపు, గ్రూపు మారితే మొదటి యూనిట్ నుంచీ రేటు మారేది. 2022లో ఆ గ్రూపులు తీసేశారు. ఇప్పుడు మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, అక్కడి నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఎన్ని దాటినా కింది యూనిట్లకి కింది రేటే. అంటే 76వ యూనిట్‌కి పడేది నాలుగున్నర రూపాయలు, అంతే. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు అనుకో, రాత్రి పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్, నెలంతా తిరిగితే 22 యూనిట్లు చిల్లర, నాలుగున్నర చొప్పున లెక్కేసినా దాదాపు 100 రూపాయలు, సుంకం అదీ ఇదీ కలిపితే ఇంకో పదో పరకో. ఈ లెక్క ఆయన నోట్‌బుక్కులోనే, ఆయన పెన్నుతోనే వేసి చూపించాను. చాలాసేపు చూసి "మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే" అన్నారు. ఫ్యాను వేశారు. నేను కిందికి దిగేటప్పుడు మళ్ళీ ఆపేశారేమో తెలియదు, వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంగ్లండులో చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి ప్రభుత్వం పెద్దవాళ్ళకి డబ్బిస్తుంది, అక్కడ నీలాంటి వాళ్ళు హీటరు ఆపుకుని వణికే ముసలివాళ్ళని వెతుక్కుంటూ తిరుగుతారట. మన బ్లేజ్‌వాడలో మే నెలలో ఫ్యాను ఆపుకుని కూర్చునే వాళ్ళని వెతకాలి. బిల్లు మరీ తక్కువొస్తే సంతోషించకు. వేసవిలో 28 యూనిట్లొచ్చిన ఇంటికి ఆ రోజే వెళ్ళు.

బిల్లులో జనం కంగారుపడేవి ఇంకో రెండున్నాయి. ఒకటి ఏసీడీ అని ఎప్పుడో ఒకసారి వచ్చే పద్దు, అది వాడకం పెరిగినందుకు అడిగే అదనపు డిపాజిట్, జరిమానా కాదు. రెండోది సర్దుబాటు ఛార్జీ, కరెంటు కొన్న ఖర్చులో తేడా తర్వాత వసూలు చేసేది. దాని మీద నువ్వు చేయగలిగింది ఏమీ లేదు, ఏమిటో చెప్పడం తప్ప. ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో ఉండేవాళ్ళకి నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం ఉంది, ఆ సర్వీసు ఆ కింద నమోదైందో లేదో చూడు. మీటరు ఇంకా చనిపోయిన మనిషి పేరు మీదే ఉంటే కులం కాగితం ఒకరిదీ మీటరు ఒకరిదీ అయి ఆగిపోతుంది. అనుమానం వస్తే 1912కి ఫోన్ చెయ్యి, మామ్మగారి ముందే చెయ్యి, స్పీకర్‌లో పెట్టు.

స్పీకరు ఎందుకంటే, "మీ బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి కరెంటు తీసేస్తాం, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని వచ్చే దొంగ మెసేజీలకి ఎక్కువ బలయ్యేది పెద్దవాళ్ళే. కరెంటు పోతుందంటే వాళ్ళకి భయం, రాత్రి పూట ఒంటరిగా ఉంటారు, ఏదో ఫైలు పంపి నొక్కమంటే నొక్కేస్తారు. అసలు ఫోను ఎలా ఉంటుందో ఒకసారి వింటే దొంగ ఫోను తేడా కొంత తెలుస్తుంది. డబ్బు పోయిందంటే ఆ నిమిషమే 1930, తెల్లారే దాకా ఆగకూడదు.

గ్యాస్ దగ్గర పెద్దవాళ్ళకి వచ్చే చిక్కు వేరు. దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం కదా, కానీ ఏప్రిల్ నుంచి జులైలోపు ఒకటి, ఆగస్టు నుంచి నవంబరులోపు ఒకటి, డిసెంబరు నుంచి మార్చిలోపు ఒకటి. ఒక్కతే ఉండే మామ్మకి సిలిండరు ఐదు నెలలొస్తుంది, పొద్దున కాఫీ, మధ్యాహ్నం ఇంత అన్నం, రాత్రికి మజ్జిగ. అయిపోతే కదా బుక్ చేసేది అంటుంది, ఈలోగా ఆ నాలుగు నెలలూ దాటిపోతాయి. రెండో సిలిండరు ఉన్నవాళ్ళయితే గడువు దాటక ముందే ఖాళీది మార్చుకోమని చెప్పు. ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. పడలేదంటే పది కేసుల్లో ఏడెనిమిది ఒకటే కారణం (ఇది నా అనుభవం లెక్క, ఎవరి సర్వే కాదు): ఆధార్‌కి చివరగా ఏ ఖాతా ముడిపడిందో డబ్బు అక్కడికే వెళ్తుంది. ఎవరో కుర్రాడు సిమ్ కార్డు అమ్ముతూ ఒక ఖాతా తెరిచిపోయి ఉంటాడు, మామ్మగారు ఆంధ్రాబ్యాంకు పుస్తకం పట్టుకుని నెలల తరబడి బ్యాంకు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. సబ్సిడీ ఏ ఖాతాకి ముడిపడిందో ముందు కనుక్కో, తర్వాతే ఏజెన్సీ వాళ్ళతో గొడవ.

వేలిముద్రలు. మాది గుంటూరు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ఏళ్ళ తరబడి మిరపకాయల తొడిమలు తీసిన చేతులు, పొగాకు గ్రేడింగ్ చేసిన చేతులు మిషను మీద పెడితే ఏమీ రాదు. నాలుగుసార్లు పెట్టించి "రావట్లేదమ్మా" అంటే ఆవిడ తన తప్పేనన్నట్టు చెయ్యి చీరకి తుడుచుకుంటుంది, మళ్ళీ పెడుతుంది. నువ్వు అలా పెట్టించకు. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తుడిచి, వేరే వేలు ఒకసారి. కాకపోతే కంటిపాప, అదీ కాకపోతే ముఖంతో. పొగాకు కంపెనీల్లో పనిచేసి జీతంలో పీఎఫ్ కోత పడినవాళ్ళలో కొందరికి ఈపీఎస్ పింఛను (పీఎఫ్ ఆఫీసు ఇచ్చేది) ఉంటుంది, 2014 నుంచి కనీసం 1,000, ఏడాదికోసారి బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వకపోతే అది ఆగుతుంది. ఇప్పుడది జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఫోన్‌లోనే ఇవ్వొచ్చు, నవంబరు దాకా ఆగక్కర్లేదు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. వెలుతురు ఉన్న గుమ్మంలో కూర్చోబెట్టు, కళ్ళజోడు తీయించు, రెప్ప వెయ్యమను. మొదటిసారి చేసినప్పుడు ఆవిడ నవ్వుతుంది, "బతికే ఉన్నానని ఫోనుకి కూడా చెప్పాలా" అని.

నీ జాగ్రత్త కూడా చెప్పాలి. అసలు కాగితాలు ఎవరివీ నీ దగ్గర ఒక్క రాత్రి కూడా ఉంచుకోకు, ఫోటో తీసుకుని ఇచ్చెయ్యి, పని కాగానే ఆ ఫోటో తీసెయ్యి. ఏటీఎం కార్డు, పిన్ను, నువ్వే చూసుకో తల్లీ అని ఇచ్చినా తీసుకోకు. ఓటీపీ వాళ్ళే చదవాలి, వాళ్ళే నొక్కాలి, ఎంత ఆలస్యమైనా సరే. మీ ఫోన్‌లోంచి బిల్లు కట్టెయ్యమని చిల్లర చేతిలో పెడతారు, రసీదు రాసివ్వకుండా అది మొదలుపెట్టకు. రేపు వంద రూపాయలు తేడా వస్తే కొడుకు ఫోన్ చేసేది నీకే. అన్నట్టు కొడుకుల గురించి: పింఛను అని వచ్చి గంట తర్వాత, కాఫీ గ్లాసు కింద పెట్టాక, "ఇల్లు వాడికి రాసిచ్చేశానమ్మా, ఇప్పుడు అన్నం పెట్టట్లేదు" అని మొదలుపెట్టేవాళ్ళుంటారు. అది నువ్వు సర్దిచెప్పే పని కాదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకి 2007 చట్టం ఉంది, సబ్ కలెక్టరు గానీ ఆర్డీవో గానీ విచారిస్తారు, లాయరు అక్కర్లేదు, చూసుకుంటాననే షరతు మీద రాసిచ్చిన ఆస్తిని రద్దు కూడా చేయవచ్చు. 14567 వృద్ధుల హెల్ప్‌లైన్, ఆ నంబరు ఆవిడ ఫోన్‌లో ఒకటో బటన్ మీద పెట్టి రా. ఆ కొడుకు ఇంటికెళ్ళి నువ్వు మాట్లాడటం మాత్రం వద్దు, నేను ఒకసారి వెళ్ళాను, చొక్కా చిరిగింది.

ఉద్యోగం సంగతి. పనికిరానా అని అడిగావు. పనికిరానివాళ్ళు పది రోజులు భయపడరు, మర్చిపోతారు. ఉండమనే నా సలహా, కానీ ఎప్పటికీ ఉండమనను. రెండేళ్ళు పెట్టుకో. 16,000 విజయవాడలో చాలదు, మీ నాన్నగారి ఆందోళన తప్పు కాదు, ఆయనతో వాదించకు. సాయంత్రాలు పరీక్షకి చదువుకో, బ్యాంకులో కౌంటరు వెనక కూర్చున్న రోజున అవతల సంచి పట్టుకుని నిలబడ్డ మామ్మగారు నీకు మిగతావాళ్ళకంటే బాగా అర్థమవుతుంది. మీ ట్రస్టు వాళ్ళని రెండు అడుగు: ఈ పనికి విడిగా ఒక ఫోను, పెట్రోలు ఖర్చు. సేవ కదా అని నీ సొంత నంబరు వందమందికి ఇచ్చావంటే రాత్రి పదకొండింటికి "అమ్మా, ఒకటో తారీఖు ఆదివారమొచ్చింది, పింఛను ముందే ఇస్తారా" అని ఫోను వస్తుంది. (ముందు రోజే ఇస్తారు. కానీ పదకొండింటికి కాదు చెప్పేది.)

మీ అమ్మగారి మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒకరోజు ఆవిడనే కొండెక్కించు, కాగితాల సంచి ఆవిడ చేతికివ్వు, ఏమంటారో చూద్దాం.

ఇప్పుడు మామ్మగారు. వెళ్ళే ముందు ఆ సర్వీసు నంబరు మీద ఏడాది బిల్లులు తీసి ప్రింటు వేయించు, ఏ నెలలో ఎన్ని యూనిట్లో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసుకో. గుమ్మంలోనే చెప్పు, "మామ్మా, వస్తుందని చెప్పాను, రాలేదు, చూసుకోకుండా చెప్పడం నా తప్పు" అని. కాఫీ తాగాక చెబుదాం అనుకోకు. తిడితే తిట్టనివ్వు. తర్వాత ఆ నెలల కాగితం తీసి, ఈ మీటరు మీద ఎవరెవరు వాడుతున్నారు మామ్మా అని అడుగు, కింద పోర్షన్లూ చూడు. నేను పైన చెప్పిన మూడిట్లో ఏదో తేలుతుంది. పింఛను రాదనే తేలినా ఆవిడకి 72 కదా, 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఐదు లక్షల దాకా వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, ఆధార్ ఉంటే చాలు, చేయించు. బియ్యం 65 దాటినవాళ్ళకి ఇంటికే తెచ్చివ్వాలి, ఆ మెట్లెక్కి ఎవరైనా తెస్తున్నారా అడుగు. గ్యాస్ డబ్బు ఏ ఖాతాలో పడుతోందో చూడు.

కిరాణా కొట్లో ఏమైనా ఖాతా పెట్టిందేమో కూడా కనుక్కో. తొమ్మిదిలోపు వెళ్ళు, తర్వాత ఆ కొండ మెట్లు కాలిపోతాయి.